జాలీలో కుక్కిన పత్తి

నేను కాపురానికి వెళ్ళిన ఇంట్లో స్నానాల గది తలుపుకి లోపలి గొళ్ళెం లేదు. మొదటిరోజు పొద్దున్నే గమనించాను. గట్టి టేకు తలుపు, సందు లేకుండా బిగుసుకునే చట్రం, కానీ గొళ్ళెం ఉండాల్సిన చోట నాలుగు మేకు కన్నాలు, వాటిలో లప్పం. మా ఆయన్ని అడిగితే ఊడిపోయిందనీ, పెట్టిస్తాననీ అన్నాడు. ఏళ్ళు గడిచినా పెట్టించలేదు. గొళ్ళానికి బదులు ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. లోపల ఉన్నవాళ్ళు స్నానం అయ్యేదాకా ఏదో ఒక కీర్తన పాడుతూనే ఉండాలి. నాకు గొంతు లేదు. చర్చిలో కూడా పెదాలు కదిపేదాన్నే తప్ప పాడేదాన్ని కాదు. కొత్త కోడలు పొద్దున్నే గాడిద గొంతుతో వీధి వీధంతా వినిపించేలా పాడడమేమిటని ఒళ్ళు మండేది. భక్తి మరీ ఎక్కువైన ఇల్లనుకుని సరిపెట్టుకున్నాను.

ఎనభైల మొదటి సంవత్సరాలవి. మార్టూరు నుంచి చీరాల వెళ్ళే దారిలో, రోడ్డుకి కాస్త లోపలగా ఉండే ఊరు. ఇంటికి ఒకవైపు పత్తి చేలు, వెనకవైపు మిరపకాయలు ఆరబోసే కల్లం. మా ఆయన మార్టూరులో రాళ్ళకు పాలిష్ పట్టే యూనిట్లో మేస్త్రీ. నేను పక్క ఊరి బళ్ళో ఆరు, ఏడు తరగతులకి సైన్సు చెప్పేదాన్ని. మావయ్యగారు బడిపంతులుగా రిటైరై చర్చి పెద్దగా ఉండేవారు. అత్తగారిని నేను చూడలేదు. మా పెళ్ళికి ముందటి చలికాలంలో పోయారు. గుండె ఆగిందని మాత్రం చెప్పారు.

మా వీధిలో అందరూ పెరట్లో తాటాకుల దడి చాటున స్నానం చేసేవాళ్ళు. పైన ఆకాశం, కింద బండరాయి. స్లాబు వేసిన స్నానాల గది మాకొక్కరికే ఉండేది. మోకాళ్ళ నొప్పులతో బాధపడే తల్లి కోసం మా ఆయన కట్టించాడట. చార పడి అమ్ముడుపోని నల్లరాతి పలకల్ని యూనిట్ యజమాని ఊరికే ఇస్తే, అద్దంలా పాలిష్ పట్టి, ఒక గోడకి నడుమెత్తు వరకూ వరసగా అతికించాడు. మిగతా గోడలకి అందరిలా సున్నం వెయ్యడం నామోషీ అనుకున్నాడో ఏమో, ఆకుపచ్చ ఆయిల్ పెయింటు వేయించాడు. వచ్చినవాళ్ళకి ఆ గది చూపించనిదే కాఫీ ఇచ్చేవాడు కాదు. పైన కల్లం వైపు సిమెంటు జాలీ ఒకటి ఉంది. దాంట్లోంచి మిరపకాయల ఘాటు వస్తుందని పాతగుడ్డలో పత్తి మూటగట్టి బిగించి కుక్కేశారు. అంటే గాలి వచ్చే దారీ లేదు, పోయే దారీ లేదు.

ఆ ఏడు డిసెంబరులో ఆ గది అసలు రూపం చూశాను. చలికి రాతి పలకలు ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమనేవి. పత్తికట్టె మంట మీద కాగులో మరగబెట్టిన నీళ్ళు బకెట్లో పోసేసరికి గదంతా ఆవిరి. నిమిషంలో ఎదురుగా ఉన్న తలుపు కనిపించదు. ఆయిల్ పెయింటు చుక్క నీరు పీల్చుకోదు కదా, గోడల మీద నీళ్ళు గీతలు గీతలుగా కారేవి. స్లాబు నుంచి ఉండుండి ఒక చల్లటి బొట్టు వీపు మీద పడేది. ఎవరో వేలితో తాకినట్టు ఉలిక్కిపడేదాన్ని. బళ్ళో చల్లటి నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి, దాని బయట చెమ్మ ఎందుకు పట్టిందో పిల్లల చేత చెప్పించేదాన్ని నేనే. ఇంటికొచ్చాక ఆ పాఠం ఒక్క ముక్క గుర్తొచ్చేది కాదు.

క్రిస్మస్‌కి ముందు ఒక పొద్దున పీట మీద కూర్చుని సబ్బు రుద్దుకుంటూ పక్కకి చూశాను. నల్లరాయి మీద పాలలాగా ఆవిరి కమ్మింది. ఆ తెల్లదనం మధ్యలో, కూర్చున్న మనిషి చెయ్యి ఎత్తితే అందేంత ఎత్తులో, ఒక అరచెయ్యి నల్లగా ఉంది. నాలుగు వేళ్ళూ విడివిడిగా, బొటనవేలు కాస్త వంకరగా. కుడిచెయ్యి. నేనే పెట్టి ఉంటానని నా చెయ్యి దగ్గరకు తీసుకెళ్ళి చూశాను. దాని వేళ్ళు నా వేళ్ళ కంటే పొడుగు.

చెంబుడు నీళ్ళు కొట్టాను. పోయింది. ఆవిరి మళ్ళీ కమ్మింది, మళ్ళీ వచ్చింది. మర్నాడు కుంకుడుకాయ పులుసుతో రుద్దాను, ఆ మర్నాడు బూడిద వేసి కొబ్బరిపీచుతో తోమాను. పొడిగా ఉన్నప్పుడు రాయి నిగనిగలాడుతూ అమాయకంగా ఉండేది. వేడినీళ్ళు పొయ్యగానే ముందు అరచెయ్యి, తర్వాత వేళ్ళు, నెమ్మదిగా బయటికొచ్చేవి. భయం వేసింది, చెప్పడానికి సిగ్గేమీ లేదు. ఆ చలికాలమంతా వీధిలో అందరికంటే గట్టిగా పాడింది నేనే. మావయ్యగారు సంతోషించి, అమ్మాయికి ఆత్మీయత పెరిగిందని చర్చిలో చెప్పుకున్నారు.

మరుసటి ఏడు వానాకాలంలో పాప పుట్టింది. పక్కింటి ముసలమ్మ వచ్చి నీళ్ళు పోసేది. కాళ్ళు చాపుకుని పాపని బోర్లా వేసుకుని, మరిగే నీళ్ళకి ఒక చెంబు చన్నీళ్ళు కలిపి, తలుపు బిగించి, ఆ పైన సాంబ్రాణి పొగ. చలికాలం వచ్చాక తడి గుడ్డలు కూడా ఆ గదిలోనే దండెం కట్టి ఆరేసేవాళ్ళం. ఒకరోజు ముసలమ్మ పాపకి నలుగు పెడుతూ గోడ వంక చూసింది.

"గోడ ఏడుస్తావుంది చూడమ్మాయ్," అంది. "మీ అత్త ఇంకా ఇల్లొదల్లేదు."

నేను నవ్వబోయాను. ముసలమ్మ నవ్వలేదు. నాకెవరూ చెప్పలేదా అని అడిగి, తనే చెప్పింది. అత్తగారు పోయింది ఈ గదిలోనేనట. తలకి నూనె రాసుకుని, స్నానానికి వచ్చి గొళ్ళెం పెట్టుకున్నారు. ఎంతకీ రాకపోతే గొళ్ళెం పగలగొట్టి చూశారు. పీట మీద కూర్చునే ఉన్నారట, ఒక చెయ్యి గోడకి ఆనించి.

ఆ సాయంత్రం మా ఆయన్ని నిలదీశాను. ఇంత సంగతి దాచి, పైగా నన్ను రోజూ పాడమంటావా అని కడిగేశాను. చెయ్యి సంగతి అతనికి తెలియదు. యూనిట్లోనే గొట్టం నీళ్ళతో రాతిపొడి కడిగేసుకుని వచ్చే చన్నీళ్ళ మనిషి, ఆ గదిలో అడుగు పెట్టేవాడే కాదు. అందుకు కారణం చన్నీళ్ళు కాదని నాకప్పుడు అర్థమైంది. నేను బకెట్టుడు వేడినీళ్ళు తెచ్చి లోపల కుమ్మరించి, తీసుకెళ్ళి చూపించాను. పలకని వేలితో తట్టి చూశాడు. తర్వాత మేస్త్రీ గొంతుతో చెప్పాడు.

"రాయి నూనె తాగింది. మా యూనిట్లో నూనె చేత్తో పలక ముట్టుకుంటే ఊరుకోం. ఒకసారి తాగితే ఇంక వదలదు."

తల్లి రెండేళ్ళపాటు రోజూ తలకి నూనె రాసుకున్న చేత్తో ఆ పలక పట్టుకునే పైకి లేచేదనీ, నూనె ఉన్నచోట ఆవిరి నిలవదనీ, అంతే తప్ప ఇంకేం లేదనీ వివరించాడు. సైన్సు టీచర్ని కాబట్టి ఒప్పుకున్నాను. కానీ ఒప్పుకున్నంత మాత్రాన ఆ వేళ్ళు బయటికి రావడం చూస్తూ స్నానం చెయ్యడం తేలికేమీ కాలేదు.

ఆ నెలలోనే పాపకి దగ్గు పట్టుకుంది. ముందు జలుబన్నారు. తర్వాత ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం గుంటపడేది. నాలుగు నెలల పిల్ల అలా ఎగపీలుస్తుంటే చూడడం కన్నతల్లికి నరకం. చీరాల తీసుకెళ్తే డాక్టరు మందు రాసిచ్చి, పిల్లకి ఎక్కడ నీళ్ళు పోస్తున్నారని అడిగాడు. చెప్పాను. మందులెన్ని వాడినా ఆ చెమ్మ గదిలో పెట్టినంతకాలం తగ్గదనీ, ముందు దానికి గాలి తగలనివ్వమనీ అన్నాడు.

ఇంటికి రాగానే పీట ఎక్కి జాలీలో పత్తి లాగేశాను. నల్లగా బూజుపట్టి, పిండితే నీళ్ళు కారాయి. తీసుకెళ్ళి పొయ్యిలో పడేశాను. మా ఆయన తలుపు కింద రెండంగుళాలు కోసేశాడు. తడిగాలి పైనుంచి పోవాలంటే కిందనుంచి పొడిగాలి రావాలని నేనే చెప్పి చేయించాను. తడి గుడ్డలు పెరట్లోకి మార్చాను. పాప స్నానం నడింట్లోకి మారింది, కానీ ఆ గది నడింటి పక్కనే, చెమ్మంతా ఇటే వచ్చేది.

మూడో రోజు బళ్ళోంచి వచ్చేసరికి జాలీలో మళ్ళీ పత్తి ఉంది. కొత్త పత్తి, తెల్లగా, గింజలతో సహా, చేలోంచి అప్పుడే తెచ్చినట్టు. తలుపు కింది సందులో గోనెపట్టా మడతపెట్టి దోపి ఉంది. ముసలమ్మ పనేమో అనుకుని అడిగితే, తను ఒంటరిగా ఆ గదిలోకి వెళ్ళనే వెళ్ళనంది. తీసేశాను. రెండు రోజులకి మళ్ళీ కుక్కి ఉంది. మావయ్యగారిని అడిగితే విననట్టే ఊరుకున్నారు. మా ఆయన ఒట్టేసి తను కాదన్నాడు. మూడోసారి పత్తి చూసినప్పుడు మనుషుల్ని లెక్కపెట్టాను. ఇంట్లో ఉన్నది ముగ్గురం. చంటిదానితో కలిపి నలుగురం. అయిదో మనిషి పేరు నాలుక చివరి దాకా వచ్చింది, అనలేదు.

అప్పుడు టీచరు బుద్ధి పనిచేసింది. బళ్ళోంచి సుద్దముక్కలు తెచ్చి, పొడిచేసి, ఆ పత్తి తీసేసి జాలీ కన్నాల్లో దట్టంగా పూశాను. శనివారం సాయంత్రం జాలీ మళ్ళీ మూసి ఉంది. నేనెవరినీ ఏమీ అడగలేదు. దీపాలు పెట్టాక కుటుంబ ప్రార్థనకి కూర్చున్నాం. మావయ్యగారు బైబిలు తీశారు. ఆ నల్లటి అట్ట మీద తెల్లటి వేలిముద్రలు.

ఆయన చదువుతున్న వాక్యం ఒక్కటీ నా చెవిన పడలేదు. దయ్యమైతే భయపడి ఊరుకునేదాన్ని. సొంత తాత, మనవరాలి పిల్లికూతలు వింటూనే ఈ పని చేస్తున్నాడంటే కోపంతో ఒళ్ళు తెలియలేదు. మర్నాడు ఆరాధన అయ్యాక అడిగి తేల్చుకోవాలనుకున్నాను.

ఆదివారం పొద్దున మావయ్యగారు రెండు బకెట్లు మరిగే నీళ్ళు అడిగి తీసుకెళ్ళారు. తలుపు పడింది. కీర్తన మొదలైంది. నేను పాపని భుజాన వేసుకుని వసారాలో తిరుగుతున్నాను. దాని ఛాతీ నా భుజం మీద కీచుకీచుమంటోంది. లోపల నీళ్ళు ఒక్కసారి గుమ్మరించిన చప్పుడైంది. ఆ తర్వాత చెంబు చప్పుడు లేదు. రెండో చరణం మధ్యలో పాట ఆగింది. నేను నిలబడిపోయాను. పదంకెలు లెక్కపెట్టాను. మావయ్యగారూ అని పిలిచాను. పలకలేదు. ఆ ఇంట్లో గొళ్ళెం ఎందుకు పీకేశారో, ఎందుకు పాడమంటారో ఒక్క క్షణంలో అర్థమై, మర్యాద మర్చిపోయి తలుపు తోసేశాను.

ఆవిరిలో ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత ఆయన కనిపించారు. చర్చికి కట్టుకునే గంజిపంచెతోనే, పీట మీద కూర్చుని ఉన్నారు. తలకి మాత్రం నూనె రాసుకున్నారు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఎడమచెయ్యి పక్క పలకకి ఆనించి, ఎదుట పలక మీద నల్లగా తేలిన ఆ కుడిచెయ్యి వంక చూస్తున్నారు. దాన్ని ముట్టుకోలేదు. జానెడు దూరంలో ఆగిపోయారు.

"తలుపెయ్యమ్మా," అన్నారు, నా వైపు తిరక్కుండానే. "గాలికి పోద్ది."

"పిల్లకి ఊపిరాడట్లేదు మావయ్యగారూ," అన్నాను.

పాప అప్పుడే ఎగపీల్చింది. ఆ చిన్న గదిలో, ఆ రాళ్ళ మధ్య, ఆ చప్పుడు ఇంతింతై వినిపించింది. ఆయన ఉలిక్కిపడి చూశారు. అప్పటిదాకా వినలేదని కాదు, వినకుండా ఉండడం అలవాటు చేసుకున్నారేమో. మెల్లగా చెప్పారు. ఆ రోజు చలిగా ఉందని జాలీలో పత్తి బిగించి కుక్కింది తనేనట. గొళ్ళెం పెట్టుకోమన్నది కూడా తనే. వసారాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారట.

"పిలిచే ఉంటది. లోపల్నుంచి వినపడదు గదా, అంతా మూసేస్తిని."

నాకు కోపం పోయిందని అబద్ధం చెప్పను. కోపమూ ఉంది, ఏడుపూ వచ్చింది. తలుపు వెయ్యలేదు. చల్లగాలి లోపలికి పోతుంటే ఆవిరి పలచబడి, మా ఇద్దరి ముందే ఆ వేళ్ళు ఒక్కొక్కటే రాయిలో కలిసిపోయాయి. ఆయన లేచి, పీట ఎక్కబోయి తూలారు. నేను ఒక చేత్తో పాపని పట్టుకుని రెండో చేత్తో ఆయన భుజం పట్టుకున్నాను. జాలీలో పత్తి ఆయనే లాగేశారు.

మర్నాడు మా ఆయన్ని పిలిచి, ఆ పలక పగలకుండా ఊడదీసి మీ అమ్మ దగ్గర పెట్టరా అన్నారు. అత్తగారి సమాధికి అప్పటిదాకా రాయి లేదు, ఏటా సున్నం కొట్టేవాళ్ళం. మా ఆయన సన్న ఉలితో ఒకరోజంతా కూర్చుని అంచులు విడదీశాడు. రాయి పోయినచోట సున్నం పూశాడు. పనిలోపనిగా ఆయిల్ పెయింటు కూడా గీకించి అన్ని గోడలకీ సున్నమే వేయించాను. గోడలు ఏడవడం మానేశాయి. సంక్రాంతి దాటి మిరపకాయలు కోతకొచ్చేసరికి పాప ఛాతీలో చప్పుడు పోయింది. ఘాటు వచ్చిన రోజుల్లో జాలీకి పల్చటి తడిగుడ్డ కట్టేవాళ్ళం, పత్తి జోలికి వెళ్ళలేదు.

సమాధి మీద మంచు ఊరికే కురుస్తుంది కదా, దానికి గదీ వేడినీళ్ళూ అక్కర్లేదు. చలికాలం పొద్దున్నే మావయ్యగారు చేతికర్ర పట్టుకుని అటు వెళ్ళేవారు. ఎండ ఎక్కేలోపు తిరిగొచ్చేవారు. ఏం చూశారని నేనెప్పుడూ అడగలేదు. దారిలో చేలోంచి ఒక పత్తికాయ తుంచి తెచ్చి పాప చేతిలో పెట్టేవారు.

ఎనభైల చివర్లో ఒక వానాకాలం ఆయన నిద్రలోనే పోయారు. ఆవిడ పక్కనే పెట్టాం.

ఆ తర్వాతి ఏడు ఫిబ్రవరిలో కల్లం నిండా మిరపకాయలు పోశారు. గాలి మా ఇంటి వైపు తిరిగింది. కళ్ళు మండి, పాప తుమ్మి తుమ్మి అలసిపోయింది. తడిగుడ్డ చాలక, ఒక్కపూటకే గదా అని నేనే పాత మెత్తలోంచి పత్తి తీసి జాలీలో కుక్కాను. తలుపు కింద గోనెపట్టా దోపాను. పొద్దున ఇంకా చలిగానే ఉంది. వేడినీళ్ళు పోసుకుని పీట మీద కూర్చుని, అలవాటు కొద్దీ పాట ఎత్తుకున్నాను.

ఆవిరి కమ్మింది. ఊడదీసిన పలక చోటు తెల్లటి సున్నంతో బోసిగా ఉంది. దాని పక్క పలక మీద, నా చూపుకి సరిగ్గా ఎదురుగా, అరచెయ్యి కనిపించింది. తర్వాత వేళ్ళు. ఎడమచెయ్యి, వెడల్పాటిది. అన్నేళ్ళుగా గాలి ఆడుతూ ఉండడంతో అది అక్కడ ఉందని ఎవరికీ తెలియలేదు. ఆయన రోజూ దేన్ని ఆనుకుని కూర్చున్నారో అప్పుడు తెలిసింది.

రెండో రోజు గాలి తిరిగింది, ఘాటు లేదు. అయినా పత్తి తియ్యలేదు. మూడో రోజూ తియ్యలేదు. బకెట్లో నీళ్ళు చల్లారిపోతున్నా అలా చూస్తూ కూర్చున్నాను. భయం లేదు. ఆ రోజు ఆయన్ని ఇంకొంచెం సేపు కూర్చోనిచ్చి ఉండాల్సిందని మాత్రం అనిపించింది. నా చెయ్యి దానంతటదే లేచి, ఆ చేతికి జానెడు దూరంలో ఆగింది.

ఎక్కడో చాలా దూరంలో ఎవరో తలుపు కొడుతున్నారు. ఎంతసేపటి నుంచి కొడుతున్నారో తెలియదు. గోనెపట్టా దాటి, ఆవిరి దాటి, సన్నగా మా అమ్మాయి గొంతు వినిపించింది.

"అమ్మా, పాడట్లేదేం? అమ్మా."

దాని గొంతులో ఏడుపుంది. పీట ఎక్కి పత్తి లాగి అవతల పారేశాను. గాలి వచ్చింది. ఆవిరి పలచబడింది, చెయ్యి రాయిలో కలిసిపోయింది. అది చూడ్డానికి ఆగకుండా నేను గొంతెత్తి పాడాను.